వేయలేదన్న పాచిక

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు మేం నలుగురం దేవుళ్ళు లేని ఒక లోకంలోకి పోతాం. ఆ లోకాన్ని కట్టింది నేనే కాబట్టి అందులో దేవుళ్ళు లేరు. పూజారులు మాత్రం సందుకొకరు ఉన్నారు. అందరూ మోసగాళ్ళే.

"సామే లేని ఊళ్ళో ఇంతమంది పూజారులకి కూలి ఎవరిస్తారు తమ్ముడా?" అని అక్క మొదటి వారమే అడిగింది.

"మోసపోయేవాళ్ళు ఇస్తారు" అన్నాను.

"అట్లంటే నీ లోకంలో కూడా ఇచ్చేది మేమే" అంది.

తెలియనివాళ్ళకు ఈ ఆట గురించి నాలుగు మాటలు చెప్పాలి. పిల్లలు దొంగా పోలీసూ ఆడుకున్నట్టు పెద్దవాళ్ళు కూర్చుని ఆడుకునే ఆట ఇది. ఒకరు కథ నడుపుతారు. ఇదిగో కోట, ఇదిగో వాగు, వంతెన మీద ఇద్దరు కాపలావాళ్ళు అంటారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర అయిపోయి, నేను వంతెన కింద ఈదుకుపోతాననో, కాపలావాడికి బీడీ ఇచ్చి మాటల్లో పెడతాననో చెబుతారు. ఆ పని అవుతుందా కాదా అనే సందేహం వచ్చిన చోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే అయినట్టు, చిన్నది పడితే చెడినట్టు. కత్తులు, మంత్రాలు, రాక్షసులు అన్నీ మాటల్లోనే. మేం కలిసేది వీడియో కాల్‌లో. పటం తెర మీద ఉంటుంది, పాచికను ఒక వెబ్‌సైటు గలగల చప్పుడుతో వేసిపెడుతుంది. అంకె అందరికీ కనిపించేలా వేయవచ్చు, కథ నడిపేవాడికి మాత్రమే కనిపించేలానూ వేయవచ్చు. ఈ రెండో వసతి సంగతి ముందే చెప్పి పెడుతున్నాను. నా తప్పు అక్కడే జరిగింది.

మేముండేది తమిళనాడులో. అక్కది మా కోవిల్‌పట్టిలోనే, మా వెనక వీధి. ఇంటి వసారాలో బెల్లం పాకం పట్టి వేరుశనగ మిఠాయి చేసి అంగళ్ళకు వేస్తారు. ఆటలో ఆమె దొంగ. ఆమె భర్త అదే ల్యాప్‌టాప్ ముందు ఆమె పక్కనే కూర్చుని ఏడడుగుల మల్లుడవుతాడు, సగం యుద్ధాలు కునుకుతూనే చేస్తాడు. బావ విరుదునగర్‌లో ఒక పప్పు మిల్లులో సూపర్‌వైజరు. ఆటలో అతను సైన్యం వదిలి వచ్చేసిన రైతు. వీళ్ళెవరూ నాకు రక్తసంబంధం కారు. మా వైపు తెలుగువాళ్ళం స్నేహం కుదిరితే దానికో వరస కట్టుకుంటాం. బావ నాకు బావ, నేను అతనికి బావ. నేను అగ్గిపెట్టెల కార్ఖానా ఆఫీసులో పని చేస్తాను, మిగిలిన పొద్దు వ్యాసాలు రాస్తాను.

ఆట పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. గడప దాటితే మా నోట్లో తమిళం. ఆదివారం ఆటలో మాత్రం ఇంటి తెలుగే. ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళు మా మాట వింటే వాళ్ళ తాత మాట్లాడినట్టుందని నవ్వుతారు. ఆ తెర ముందు నవ్వేవాళ్ళు లేరు. "పుస్తకం ఏ బాషలో ఉంటే ఏమి, రాచ్చసుణ్ణి తిట్టాలంటే మన మాటే" అంటాడు అక్క భర్త, మేలుకున్నప్పుడు.

నేను సంస్కరణ సభల్లో పెరిగినవాణ్ణి. మా నాయన నన్ను జాతరకు తీసుకుపోయిన గుర్తు లేదు, చర్చా సభలకు తీసుకుపోయిన గుర్తుంది. మూఢనమ్మకం అనే మాట నాకు ఎక్కాలతో పాటే వచ్చింది. ఎదుటివాడు నోరు తెరవగానే అతని వాక్యంలో సందు ఎక్కడుందో వెతకడం అలవాటైపోయింది. అది మంచి అలవాటేనని ఇప్పటికీ అనుకుంటాను. మనిషి చెప్పేది వినడానికి మాత్రం అది పనికిరాదు.

మా ఇళ్ళలో పువ్వు అడగడం అని ఒక ఆచారం ఉంది. పెళ్ళి, బావి తవ్వకం, భూమి, వైద్యం, ఏది తేలకపోయినా ఇలవేల్పు గుడికి పోతారు. తెల్లపువ్వు ఒక ఆకులో, ఎర్రపువ్వు ఒక ఆకులో మడిచి అమ్మవారి ముందు పెడతారు. ఊహ తెలియని బిడ్డ చేత ఒక పొట్లం తీయిస్తారు. తెల్లపువ్వు వస్తే సరే, ఎర్రది వస్తే వద్దు. నేను రాసిన వ్యాసాల్లో అన్నిటికన్నా కోపంగా రాసింది దీని మీదే. మన బతుకును పాలపళ్ళ బిడ్డ చేతిలో పెట్టి తప్పించుకునే పిరికితనానికి భక్తి అని పేరు పెట్టుకున్నామని రాశాను. బావకు తెలుగు చదవడం రాదు కాబట్టి విరుదునగర్‌లో వాళ్ళ మిద్దె మీద కూర్చుని దాన్ని అతనికి చదివి వినిపించాను. మెట్ల మీద వాళ్ళమ్మ వడియాలు తిరగేస్తూ ఉంది. ఆమెకు కూడా వినబడాలనే గొంతు పెంచాను.

బావ చాలాసేపు ఆలోచించి, "న్యాయమే బావా. రెండు పువ్వుల్లో ఏదో ఒకటి వచ్చే తీరాల. దానికి సామి ఎందుకు?" అన్నాడు.

ఆ తర్వాత అతను దేనికీ పువ్వు అడగలేదు. వాళ్ళమ్మ నాకు ఇచ్చే కాఫీలో చక్కెర తగ్గింది. ఒక మనిషిని మార్చానని నేను ఆ చేదు కాఫీని పతకంలా తాగాను. పువ్వు తీసేసిన చోట అతనికి ఏం మిగిల్చానో ఆలోచించలేదు.

ఆ ఆదివారం ఆటలో నేను ఒక పలికే రాయిని పెట్టాను. ఎండిపోయిన వాగు ఒడ్డున నల్లటి రాయి. జనం వచ్చి ప్రశ్న అడిగితే జవాబు చెబుతుంది. నిజానికి రాయి వెనక గోతిలో ఒకడు కూర్చుని గొట్టంలోంచి మాట్లాడుతుంటాడు. దొంగ అయిన అక్క ఆ గొయ్యి కనిపెట్టాలి, మల్లుడు వాణ్ణి మెడ పట్టి బయటికి లాగాలి, ఊరి జనం కళ్ళు తెరవాలి. ఇదీ నా పథకం. ఆట పేరుతో నేను మళ్ళీ సభే పెట్టాను.

అక్క రాయి చుట్టూ తిరగడం మొదలు పెట్టేలోపే బావ మైకులో అన్నాడు: "నేను రాయి ముందర కూచుంటా. ఒకటి అడగాల."

"అడుగు."

"రాయీ, నా చేను ఒకడు అడుగుతా ఉండాడు. ఎండను కోసుకుపోయే దొర. వానికి పంట వద్దు, మన్ను వద్దు. చేను మీద పడే ఎండ చాలంట. మా అన్న చేను, నా చేను ఒకటే గట్టు. ఇస్తే రెండూ ఇయ్యాల. ఇయ్యేదా, వద్దా?"

నేను లోపల చప్పట్లు కొట్టాను. రాక్షసుణ్ణి నరకడం తప్ప ఏమీ చేయని బావ ఎంత చక్కటి కల్పన చేశాడు! ఎండను కోసుకుపోయే దొర! వచ్చే నెల కథలో వాణ్ణి వాడుకోవాలని అనుకున్నాను కూడా. అక్క ఆ మాటకు ఒక్క ఎగతాళి కూడా చేయలేదు. ప్రతి మాటకూ పుల్ల విరిచే మనిషి నోరు మూసుకుందంటేనే నాకు తెలియాల్సింది. తెలియలేదు.

"రాయి వెనక ఎవడన్నా ఉన్నాడేమో చూడవా బావా?" అని దారి చూపాను.

"ఉంటే ఉండనీ. చెప్పేది చెప్పనీ. దాయం ఏయి. పది దాకా పడితే వద్దని, పదకొండు మొదలు ఇయ్యమని. మాకి చూపించొద్దు. నువ్వు మాత్రం చూసి చెప్పు."

పాచికను మా ఇళ్ళలో దాయం అంటాం. నాకు మాత్రమే కనిపించేలా వేశాను. నాలుగు పడింది. ఇవ్వవద్దని.

ఇవ్వకపోతే అతని రైతు చేనుకు తిరిగిపోతాడు. చేను ఉన్నవాడు వాగు దాటడు. వాగు అవతల నేను కొన్ని వారాలుగా కట్టుకుంటున్న రేవు పట్నం ఉంది. అందులో వీధులున్నాయి, జైలుంది, ఉప్పు వర్తకుల గొడవ ఉంది. రైతు కదలకపోతే అదంతా వృథా. ఇలా చాటుగా వేసిన అంకెను కథ కోసం కాస్త వంచడం కథ నడిపేవాళ్ళలో చాలామంది చేసేదే. తప్పని కూడా ఎవరూ అనుకోరు. ఆలోచించి చేశానని చెప్పుకునే అదృష్టం కూడా నాకు లేదు. గొంతు బొంగురు చేసి, గోతిలోని మోసగాడిలాగా పలికాను.

"ఇచ్చెయ్."

బావ "సరే" అన్నాడు. ఇంకొంచెం సేపటికి నెట్టు సరిగా లేదని చెప్పి వెళ్ళిపోయాడు.

పొద్దు వాలకముందే అక్క మా ఇంటికి వచ్చింది. చేతిలో విరిగిన మిఠాయి ముక్కల డబ్బా ఉంది. విరిగినవి అంగళ్ళకు పోవు, మా ఇంటికి వస్తాయి. డబ్బా ఇచ్చింది కానీ గుమ్మం దిగలేదు.

"తమ్ముడా, నీకి నిజంగా తెలీదా?"

"ఏది?"

"ఎండను కోసే దొర ఎవరని."

"బావ కల్పించినాడు కదా."

"కల్పించేదానికి ఆయన నువ్వా? సోలారు కంపెనీ రా అది. తిరుచ్చులి పక్కన వాళ్ళ చేను అడుగుతా ఉండారు. శుక్రవారం సంతకం."

ఆమె చెప్పింది విన్నాను. బావకూ వాళ్ళన్నకూ కలిసి నల్లరేగడి భూమి ఉంది, సేద్యం చేసేది అన్న. కంపెనీకి కావాలంటే మొత్తం కావాలి, లేకుంటే వద్దు. అన్న, నువ్వు చదువుకున్నవాడివి, నువ్వే చెప్పు అని తమ్ముడి మీద పెట్టాడు. వాళ్ళమ్మ గుడికి పోయి పువ్వు అడుగుదామంది. బావ వద్దన్నాడట. నేను వేరే చోట అడుగుతానన్నాడట.

"వేరే చోటు ఏదనుకుంటివి? నీ రాయే" అంది అక్క.

"అది ఆట అక్కా!"

"ఆటే. ఎవరు కాదన్నారు? మాటల్లో అడిగితే నువ్వు సభ మేడ ఎక్కి ఉపన్యాసం మొదలు పెడతావు. ఆటలోనైతే ఒక మాటలో చెప్తావని అడిగినాడు పాపం."

ఆమె నా ముఖంలోకి చూసింది.

"ఇంగొకటి. పడింది చిన్నదే కదా?"

"నీకెట్లా..."

"దాయం గలగల నీ మైకులో వినిపించింది. నువ్వు కిందికి చూసి మొగం ముడుచుకుంటివి. మళ్ళ తేరుకొని ఇచ్చెయ్ అంటివి. నేను దొంగను తమ్ముడా. దొంగకి దొంగ తెలీకుండా పోతాడా?"

ఆమె వెళ్ళాక నాతో నేనే వాదం పెట్టుకున్నాను. అదొక్కటే నాకు చేతనైన పని. పాచికకు బావ చేను తెలియదు. నాలుగు పడినా పదహారు పడినా అందులో జ్ఞానం సున్న. అబద్ధపు పాచిక ఎంత పనికిమాలినదో నిజమైన పాచికా అంతే పనికిమాలినది. కనుక నేను అతని నుంచి దేన్నీ దొంగిలించలేదు. వాదన గట్టిగానే ఉంది. సభలో అయితే చప్పట్లు పడేవి. కానీ నాకు అన్నం దిగలేదు.

ఎందుకు దిగలేదో తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది. పాచికలో జ్ఞానం లేదని బావకూ తెలుసు. అతను నమ్మింది పాచికను కాదు, నన్ను. ఈ మనిషి దగ్గర సామి లేడు కాబట్టి సామి పేరుతో చెప్పే అబద్ధం కూడా ఉండదని నమ్మాడు. నా వ్యాసాలన్నీ కలిసి సంపాదించుకున్న నమ్మకం అదొక్కటే. దాన్ని ఒక ఉప్పు వర్తకుల గొడవ కోసం ఖర్చు పెట్టేశాను.

నిజం చెప్పేస్తే పోతుంది కదా అంటారు. అక్కడే ఇరుక్కున్నాను. ఉన్నవి రెండే జవాబులు, ఇవ్వడం లేదా ఇవ్వకపోవడం. నేను అబద్ధం చెప్పానని ఒప్పుకున్న మరుక్షణం, అంకె చెప్పకపోయినా, రాయి ఇవ్వవద్దందని అతనికి తెలిసిపోతుంది. అప్పుడతను సంతకం మానేస్తాడు. పాచిక చెప్పిందని మానేస్తాడు. చెప్పకపోతే పాచిక చెప్పిందని పెడతాడు. ఎటు తిప్పినా ఇద్దరు అన్నదమ్ముల బతుకు మీద ఒక ప్లాస్టిక్ బొమ్మ కూర్చుని ఉంటుంది. ఆ బొమ్మ ప్లాస్టిక్‌ది కూడా కాదు, తెర మీది గీత. దాన్ని అక్కడ కూర్చోబెట్టింది నేను.

బుధవారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా బస్టాండుకు పోయి విరుదునగర్ బస్సు ఎక్కాను. సాత్తూరు దాటేదాకా ఏం చెప్పాలో తేలలేదు. కిటికీ అవతల అగ్గిపుల్లలు ఆరబెట్టిన వాకిళ్ళు, మక్కజొన్న కంకి కోసేసిన చేలు పోతున్నాయి. సాత్తూరులో వెళ్ళరి దోసకాయలు అమ్మే ఆమె బస్సులోకి ఎక్కి దిగింది. ఆ తర్వాత మూడో దారి తోచింది. పాచిక వేశానని కానీ, తప్పు చెప్పానని కానీ చెప్పకూడదు. అసలు వేయనే లేదని చెప్పాలి. వేయని పాచికకు జవాబు ఉండదు. రాయి ఏమీ అనలేదు. అప్పుడు బావ స్వేచ్ఛగా ఆలోచించుకుంటాడు.

ఇది ఇంకో అబద్ధమని నాకు తెలియక కాదు. ఎదుటివాడి మేలు కోసం చెప్పే అబద్ధమే పూజారి నేర్చుకునే మొదటి పాఠమని వేదికల మీద ఎన్నిసార్లు అరిచానో నాకే గుర్తు లేదు. బస్సులో ఆ మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చినా దిగిపోలేదు.

మిల్లు నుంచి వచ్చిన బావ చొక్కా మీద కందిపప్పు పొట్టు ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోయాడు, కారణం అడగకుండానే పరోటా అంగడికి తీసుకుపోయాడు. విరుదునగర్ పరోటాను నూనెలో ముంచి కరకరలాడేలా వేయిస్తారు. ఆకులో పెట్టి విరిచి, పైన కుర్మా పోసుకున్నాక మాట్లాడాను.

"బావా, చేను సంగతి అక్క చెప్పింది. నాకి ఒక్క మాట చెప్పి ఉండకూడదా?"

"చెప్తిని కదా. రాయికి చెప్తిని."

"ఆ రాయి మాట పట్టుకోవద్దు. నేను ఆ పొద్దు దాయం వేయలేదు."

అతను చేతిలోని ముక్కను ఆకులో పెట్టాడు.

"ఏయలేదా?"

"లేదు. కథ ముందుకు పోవాలని ఊరికే ఇచ్చెయ్ అన్నాను. అది ఏ లెక్కలోకీ రాదు. నువ్వు మొదటి నుంచి నువ్వే ఆలోచించుకో."

అతనికి కోపం వస్తుందనుకున్నాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. పరోటా ముక్కను కుర్మాలో తిప్పుతూ ఉండిపోయాడు.

"రాచ్చసుడు తుమ్మితే దాయం ఏస్తావు బావా" అన్నాడు చివరికి. "అక్క తాళం తీసేదానికి ఏస్తావు. గుర్రం గడ్డి తింటుందా లేదా అని ఏస్తివి ఒక తూరి, గుర్తుండాదా? నా చేనుకి ఒక దాయం ఏసేదానికి నీకి చెయ్యి రాలేదా?"

వేశాను బావా, నీ చేనుకు వేశాను, నాలుగు పడింది అని గొంతు దాకా వచ్చింది. అంటే మళ్ళీ రాయి మాట్లాడినట్టే. మింగేశాను. నా జన్మలో నేను జవాబు చెప్పకుండా వదిలేసిన వాదన అదొక్కటే.

"సరే, దాయం పోనీ" అన్నాడు. "నువ్వు చెప్పు. ఇయ్యేదా, వద్దా?"

రైతు భూమి గురించీ కంపెనీల గురించీ నాకు రెండు వైపుల వాదనలూ వచ్చు. ఏ వైపు నిలబెట్టినా గంట మాట్లాడగలను. ఆ రోజు రెండూ నోటి దాకా వచ్చి ఆగాయి.

"చేను ఎట్లుంది ఇప్పుడు?" అని మాత్రం అడిగాను.

ఇన్నేళ్ళ స్నేహంలో నేను ఆ మాట అడగడం అదే మొదలు. అతను చెప్పడం మొదలు పెట్టాడు. మక్కజొన్న వేస్తే అడవి పందులు మిగల్చడం లేదు. మినుములు వేస్తే కోతనాడే వాన వస్తుంది, కావలసినప్పుడు రాదు. కలుపుకు మనిషి దొరకడు. అన్న మోకాలు పోయింది, గట్టు మీద కూర్చునే సేద్యం చేయిస్తున్నాడు. ఆ గట్టు మీద కూర్చోవడమే అన్నకు ఇష్టం.

"చేను పోతే అన్న పొద్దున్నే లేచి ఎక్కడికి పోతాడు బావా? అదే తెగడం లేదు నాకి."

"అన్ననే అడిగినావా?"

"అడిగితే నువ్వు చెప్పు అంటాడు. నాకి మనసు లేకుంటే ఆయనకీ వద్దంట."

"నీకు మనసుందా?"

ఆకు అంచు మడుస్తూ, "ఉండాది" అన్నాడు. "అలసిపోయినాను బావా. నేను సేద్యం చేసింది కూడా లేదు. ఆయన చేసేది చూసి చూసి అలసిపోయినా. అమ్మకి చెప్పేదానికి ఒక పువ్వన్నా ఉంటే బాగుండునని ఇన్నాళ్ళూ ఈడ్చినా."

ఒక పువ్వన్నా ఉంటే. ఆ మాట నాకు తగిలిన చోట ఇంకా మానలేదు. పువ్వు దేన్నీ తేల్చదని బావకు నేను చెప్పక ముందే తెలుసేమో. మనసులో ఎప్పుడో తేలిపోయిన దాన్ని అమ్మ ముందు, అన్న ముందు పెట్టడానికి అతనికి ఒక ఆకు కావలసింది. నేను ఆ ఆకును చింపేసి, దాని బదులు ఏమీ ఇవ్వకుండా, చప్పట్ల కోసం చూశాను. పువ్వు అడగడం తప్పేనని ఇప్పుడూ అంటాను. రేపు మళ్ళీ రాయమన్నా రాస్తాను. కానీ ఆ వ్యాసం చదివి దిగివచ్చేటప్పుడు మెట్ల మీద ఆగి, ఇకమీదట నీకు ఏదైనా తేలకపోతే నా దగ్గరికి రా, నేను వింటాను అని ఒక్క మాట అని ఉండాల్సింది.

శుక్రవారం అన్నదమ్ములిద్దరూ సంతకం పెట్టారు. బావ వాళ్ళమ్మకు తనే చెప్పాడు, ఇది నా మాటే, సామి మాట కాదు అని. ఆమె రెండు రోజులు అతనితో మాట్లాడలేదట. అన్న ఇప్పుడు పొద్దున్నే లేచి కంపెనీ వేసిన కంచె దాకా నడిచి, కాసేపు నిలబడి తిరిగి వస్తాడని విన్నాను. కారియాపట్టి వైపు ఏదో పెళ్ళికి పోతూ ఒకసారి ఆ దారినే పోయాను. నల్లమన్ను మీద నీలం పలకలు వరసగా ఆకాశం వైపు తిరిగి ఉన్నాయి. గట్టు ఏదో తెలియలేదు. చేసింది మంచో చెడో నేను చెప్పలేను. అది బావ తేల్చుకున్నాడు, తన కారణాలతో తేల్చుకున్నాడు. నాకు కావలసింది అదే కదా అని ఎవరైనా అంటే అవుననే అంటాను. దానికి నేను వేసిన దారి మాత్రం ఒక అబద్ధం మీద ఇంకో అబద్ధం.

అక్క నన్ను బయటపెట్టలేదు. "నేను చెప్పను. నువ్వు గోతిలోనే కూచో, గొట్టం పట్టుకొని" అంది. పలికే రాయి వెనక నేను పెట్టిన ఆ మోసగాణ్ణి మా ఆటలో ఇంతవరకూ ఎవరూ బయటికి లాగలేదు. ఆ కథ అక్కడే వదిలేసి ముందుకు పోయాం.

ఇదంతా తెలుగులో రాస్తున్నాను. బావకు తెలుగు లిపి రాదు. అక్కకూ రాదు. తెలుగు మాట్లాడే మా ఊళ్ళలో తెలుగులో రాసింది పెట్టెలో పెట్టి తాళం వేసినట్టే. మిద్దె మీద ఆ వ్యాసాన్ని గొంతు పెంచి చదివి వినిపించినవాణ్ణి, దీన్ని చదివి వినిపించలేను. పిరికితనం గురించి అంత కోపంగా రాసినవాడి ధైర్యం ఇంతే.

బావ కొన్ని వారాలు ఆటకు రాలేదు. మిల్లులో పని అన్నాడు. ఒక ఆదివారం తనంతట తనే కాల్‌లో కనిపించాడు. అక్క భర్త కునుకు వదిలి, "రైతు వచ్చినాడ్రా!" అని అరిచాడు. బావ రైతు వాగు దాటాడు, రేవు పట్నం చేరాడు, ఉప్పు వర్తకుల గొడవలో దూరాడు. నేను ఇప్పుడు వెబ్‌సైటు వాడడం లేదు. నిజమైన పాచిక ఒకటి తెప్పించుకుని, కెమెరాను కిందికి వంచి, స్టీలు పళ్ళెంలో అందరికీ కనిపించేలా వేస్తాను. అయినా బావ వదలడు. నేను ఏది చెప్పినా ముందు ఆ మాట అడుగుతాడు. మల్లుడు గోడ ఎక్కినా, అక్క సంచి కొట్టేసినా, గుర్రం గడ్డి తిన్నా.

"ఏస్తివా బావా?"

అందరూ నవ్వుతారు. అతనూ నవ్వుతాడు. అక్క మాత్రం నవ్వుతూనే తెర మీద నా ముఖం వైపు చూస్తుంది. ఆమెకు వినిపించిన గలగల ఆ రోజు అతనికి వినిపించలేదా అని ప్రతిసారీ అనుకుంటాను. అడగను. పళ్ళెం కెమెరా ముందుకు జరుపుతాను.

"ఏస్తిని బావా, చూడు" అంటాను.

ఆ రోజు కూడా వేశాను.